పొరల మధ్య ఏముంది: బలపం, అభ్రకం, నల్లరేగడి

రసాయన బంధాలు పదార్థాల గుణాలను ఎలా నిర్ణయిస్తాయో చెప్పవలసి వచ్చినప్పుడు మన పాఠ్యపుస్తకాలు దాదాపు ఎప్పుడూ వజ్రాన్నీ గ్రాఫైట్‌నూ ముందుకు తెస్తాయి. రెండూ కార్బనే, ఒకటి దేనితో గీసినా గీత పడనిది, మరొకటి కాగితం మీద రాస్తేనే అరిగిపోయేది. ఉదాహరణ మంచిదే కానీ, అది రెండు కొసలను మాత్రమే చూపిస్తుందని, మధ్యనున్న మెట్లను చూపించదని నాకు చాలాకాలంగా అసంతృప్తి ఉంది. బంధాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే గుణం ఎలా మారుతూ వస్తుందో, ఒక్కోచోట మనం ఊహించిన దిక్కుకు ఎదురుగా ఎలా తిరుగుతుందో చూడాలంటే సిలికేట్ల దగ్గరికి, అంటే సిలికాన్, ఆక్సిజన్ల అల్లికతో ఏర్పడిన ఖనిజాల దగ్గరికి రావాలి. అందుకోసం దూరం పోనక్కరలేదు. గూడూరు గనుల అభ్రకం, పిల్లల చేతిలోని బలపం, మార్కాపురం పలక, పత్తి పండే నల్లరేగడి, కుమ్మరి సారె మీది మట్టి అన్నీ ఆ కుటుంబానివే. వీటన్నిటిలోనూ ఉన్న పొర దాదాపు ఒకే తీరుది. ఒక పొరకూ దాని పైపొరకూ మధ్య ఏముంది, అది ఎంత గట్టిగా పట్టుకుంది అన్నదాని నుంచే వీటి మధ్య కనబడే తేడాల్లో ఎక్కువ భాగం పుడుతుందన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

భూమి పైపెంకు బరువులో సుమారు 46 శాతం ఆక్సిజన్, సుమారు 28 శాతం సిలికాన్. ఈ రెండూ కలిసినప్పుడు ఒక సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్లు చతుర్ముఖి ఆకారంలో, అంటే నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఘనాకృతి మూలల్లో, అమరుతాయి. సిలికాన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య దూరం సుమారు 1.6 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు), ఒక మోల్ బంధాలను తెంచాలంటే 450 కిలోజౌళ్ల దాకా శక్తి కావాలి. ఇది బాగా బలమైన బంధం. అయానిక స్వభావమూ సమయోజనీయ స్వభావమూ దాదాపు సరిసమానంగా ఇందులో కలిసి ఉంటాయి. ఒక మూలనున్న ఆక్సిజన్ రెండు సిలికాన్లకు ఉమ్మడిగా ఉండగలదు కాబట్టి చతుర్ముఖులు ఒకదానితో ఒకటి మూలలు కలుపుకొని గొలుసులుగానో, పొరలుగానో, మూడు దిక్కులా అల్లుకున్న చట్రంగానో పెరుగుతాయి. ఎన్ని మూలలను పంచుకున్నాయన్నది మొదటి ప్రశ్న.

నాలుగు మూలలనూ పంచుకుంటే వచ్చేది పలుగురాయి, అంటే క్వార్ట్జ్. అందులో ఏ దిక్కుకు పోయినా సిలికాన్–ఆక్సిజన్ బంధాన్ని తెంచకుండా దారి లేదు. అందుకే ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చూపే మోస్ కాఠిన్య కొలబద్దపై అది 7 దగ్గర నిలుస్తుంది, మామూలు ఉక్కు చాకును తనే గీస్తుంది, సుత్తితో కొడితే ఒక నిర్దిష్టమైన తలం వెంట చీలక వంకర్లు తిరిగిన నున్నటి పెళ్లలుగా విరుగుతుంది, కరగాలంటే 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి అడుగుతుంది. నెల్లూరు ప్రాంతంలో చిల్లకూరు, కోట మండలాల తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమకు పోతుంది; ఆ ఇసుకకు సోడా చేర్చగానే సోడియం వచ్చి కొన్ని ఆక్సిజన్ వంతెనలను తెంచివేస్తుంది, చట్రం వదులవుతుంది, కిటికీ గాజు 700 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది. గాజు కథ విడిగా రాయదగినంత పెద్దది కాబట్టి ఇక్కడ ఆపుతాను.

మూడు మూలలను మాత్రమే పంచుకున్నప్పుడు చతుర్ముఖులు ఆరేసి చొప్పున వలయాలుగా చేరి, ఆ వలయాలు పక్కపక్కన అతుక్కొని, ఎంత దూరమైనా సాగే ఒక చదునైన పొర ఏర్పడుతుంది. నాలుగో మూలలన్నీ ఒకే వైపుకు తిరిగి ఉంటాయి. అవి మెగ్నీషియమ్‌నో అల్యూమినియమ్‌నో పట్టుకుంటాయి. అవతలి వైపు నుంచి మరొక సిలికా పొర బోర్లించినట్లు వచ్చి అదే లోహాన్ని పట్టుకుంటుంది. ఇలా రెండు సిలికా పొరలు, వాటి నడుమ ఒక లోహపు పొర కలిసి ఒక పలకగా తయారవుతాయి. దాని మందం ఒక నానోమీటరుకు కాస్త తక్కువ. ఈ పలక లోపల ప్రతి బంధమూ బలమైనదే. బలపమైనా, అభ్రకమైనా, నల్లరేగడిలోని బంకమట్టి అయినా ఇలాంటి పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చుకొని ఉన్నవే.

ముందు బలపాన్ని చూద్దాం. బలపపు రాయిలోని ముఖ్య ఖనిజం టాల్క్. అందులో నడుమ ఉన్న లోహం మెగ్నీషియం, సిలికా పొరల్లో ఎక్కడా ఏ మార్పూ లేదు, ధనావేశాలకూ రుణావేశాలకూ లెక్క సరిపోయింది, కాబట్టి పలకకు మొత్తం మీద విద్యుదావేశం లేదు. పై పలకను పట్టుకొనేందుకు దానికి ఏ ప్రత్యేకమైన సాధనమూ లేదు. తటస్థంగా ఉన్న ఏ రెండు ఉపరితలాల మధ్యనైనా ఉండే వాండర్ వాల్ ఆకర్షణ ఒక్కటే మిగులుతుంది. వేలితో రుద్దినా పలకలు జారిపోతాయి. మోస్ కొలబద్దపై టాల్క్ స్థానం 1, అంటే అట్టడుగు. చేతికి సబ్బులా నున్నగా తగలడం, ముఖానికి రాసుకొనే పౌడరుగా పనికిరావడం, రాతిపలక మీద రాస్తే తెల్లని గీత వదలడం అన్నీ ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి. పలుగురాయిలో ఉన్న సిలికాన్–ఆక్సిజన్ బంధమే బలపంలోనూ ఉంది, అదే బలంతో ఉంది. అయినా ఒకటి 7, మరొకటి 1. ఒక పదార్థం గట్టిదా మెత్తనిదా అన్నది అందులోని అత్యంత బలమైన బంధాన్ని బట్టి తేలదు, విరగడానికి అందులో ఎంత సులువైన దారి దొరుకుతుందన్నదాన్ని బట్టి తేలుతుంది. బంధశక్తుల పట్టికను కంఠస్థం చేయించే ముందు విద్యార్థికి ఈ సంగతి చెప్పడం చాలా అవసరమని నా అభిప్రాయం.

బలపంతో రాసే రాతిపలక కూడా ఇలాంటి ఖనిజాలతోనే తయారైందన్నది నన్ను ఎప్పుడూ ఆకట్టుకొనే విషయం. ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం పలకలకు పేరుపొందిన ఊరు. ఆ పలకరాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ అందులోని బంకమట్టి సన్నని అభ్రకపు రేణువులుగా మారి, ఒత్తిడికి అడ్డంగా అన్నీ ఒకే వరుసకు తిరిగాయి. అందుకే రాయి ఉలి పెట్టి కొడితే చదునైన పలకలుగా లేస్తుంది. కానీ రేణువుల మధ్య సన్నని పలుగు కణాలు అడ్డుపడి ఇరుక్కొని ఉండటంతో అవి టాల్క్ లాగా జారిపోవు. బలపాన్ని రాతిపలక మీద గీసినప్పుడు అరిగేది బలపమే.

ఇక అభ్రకం. నెల్లూరు జిల్లాలో కొడవలి ఆకారంలో సాగే అభ్రకపు మేఖల భారతదేశంలోని ముఖ్యమైన అభ్రక ప్రాంతాల్లో ఒకటి. గూడూరు చుట్టుపక్కల గనులకు ఆ ఊరి పేరే గుర్తుగా నిలిచింది. జార్ఖండ్‌లోని కోడర్మా ప్రాంతపు అభ్రకం కెంపు ఛాయకు పేరుపొందితే, నెల్లూరు అభ్రకం పచ్చని ఛాయకు పేరుపొందింది. పెగ్మటైట్ అనే ముతక రాతి నాళాల్లో పలుగురాయితోనూ ఫెల్‌స్పార్‌తోనూ కలిసి ఇది దొరుకుతుంది. గని నుంచి తీసిన దిమ్మను చాకు మొనతో చీలుస్తూ పోతే రేకు వెంట రేకు, అద్దంలా పారదర్శకంగా, ఎంత పల్చగా కావాలంటే అంత పల్చగా లేస్తుంది. ఇంత శుభ్రంగా చీలే ఖనిజం మరొకటి దొరకడం కష్టం. పరమాణువులను తాకి చూసే సూక్ష్మదర్శినులతో పనిచేసే శాస్త్రవేత్తలు, పరమాణు స్థాయిలో ఎగుడుదిగుళ్లు లేని ఉపరితలం కావలసినప్పుడు ఈనాటికీ అభ్రకపు రేకును ఒక పొర లేపి వాడుకుంటారు.

టాల్క్‌కూ అభ్రకానికీ ఉన్న తేడా చూడటానికి చిన్నది. అభ్రకపు సిలికా పొరల్లో ప్రతి నాలుగు సిలికాన్లలో ఒకదాని స్థానంలో అల్యూమినియం కూర్చుంది. సిలికాన్ ధనావేశం నాలుగు, అల్యూమినియందైతే మూడు. ఆ ఒక్క లోటు వల్ల పలక మొత్తానికి రుణావేశం వస్తుంది, దాన్ని సరిచేయడానికి పలకల మధ్యకు పొటాషియం అయాన్లు వచ్చి చేరతాయి. ఆరు చతుర్ముఖుల వలయం నడుమ ఉండే గుంటలో పొటాషియం అయాన్ సరిగ్గా ఇముడుతుంది, కింది పలక నుంచి ఆరు, పై పలక నుంచి ఆరు, మొత్తం పన్నెండు ఆక్సిజన్ల నడుమ కుదురుకుంటుంది. ఇప్పుడు పలకలను విడదీయాలంటే వాండర్ వాల్ ఆకర్షణను దాటితే చాలదు, అయానిక బంధాన్ని తెంచాలి. అందుకే అభ్రకం టాల్క్ లాగా వేళ్ల మధ్య పొడి కాదు. వంచితే వంగి, వదిలితే తిరిగి చదునవుతుంది. అయినా పొటాషియం పట్టు పలక లోపలి బంధాల కన్నా చాలా బలహీనమైనది కాబట్టి చాకు మొన ఎప్పుడూ ఆ దారినే వెతుక్కుంటుంది.

ఈ నిర్మాణాన్ని ఎక్స్ కిరణాల సాయంతో 1930లో వివరించినవాడు అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు నిండలేదు. ఆవేశం లేని పలకలున్న టాల్క్ ఎందుకు మెత్తగా ఉంటుందో, ఒక ఆవేశమున్న పొటాషియంతో కూడిన అభ్రకం ఎందుకు వంగి తిరిగి నిలుస్తుందో, రెండు ఆవేశాలున్న కాల్షియం పలకలను బంధించిన పెళుసు అభ్రకాలు ఎందుకు మరింత గట్టిగా ఉండి వంచబోతే విరుగుతాయో ఆయన ఒకే వరుసలో పెట్టి చూపాడు. ఈ మూడో మెట్టులోని మార్గరైట్ అనే ఖనిజంలో నాలుగింట రెండు సిలికాన్ల స్థానంలో అల్యూమినియం ఉంటుంది, దాని కాఠిన్యం 4 దాకా పోతుంది. సున్నా, ఒకటి, రెండు: పలక ఆవేశం ఇలా పెరిగినకొద్దీ ఖనిజం జారేదిగా, వంగేదిగా, విరిగేదిగా మారుతూ వచ్చింది. వజ్రం–గ్రాఫైట్ జంటలో దొరకని మెట్లు నాకు ఇక్కడే కనబడ్డాయి.

అభ్రకం విద్యుత్ పరికరాల్లోకి ఎందుకు వచ్చిందో కూడా ఇదే నిర్మాణం చెబుతుంది. ఎలక్ట్రాన్లన్నీ బంధాల్లోనూ ఆక్సిజన్ల దగ్గరా బిగిసి ఉన్నాయి, పొటాషియం తన గుంటను వదిలి కదలదు, కాబట్టి విద్యుత్తును మోసుకుపోయేది ఏదీ లేదు. గాలి మిల్లీమీటరు మందానికి సుమారు 3 వేల వోల్టుల దగ్గర తెగిపోతే, పల్చని అభ్రకపు రేకు అదే మందం లెక్కన లక్ష వోల్టులకు పైగా తట్టుకుంటుంది. వేడి 500 డిగ్రీలు దాటేదాకా దానికి ఏమీ కాదు. ఇంకా వేడెక్కితే పలక లోపలి హైడ్రాక్సిల్ సమూహాలు, అంటే ఆక్సిజన్–హైడ్రోజన్ జంటలు, నీరుగా విడిపోయి నిర్మాణం చెడుతుంది. వేడినీ విద్యుత్తునూ ఒకేసారి ఓర్చుకొంటూ కాగితంలా పల్చగా ఉండే పదార్థాలు అరుదు. పాత ఇస్త్రీపెట్టెల్లో హీటింగ్ తీగను అభ్రకపు రేకు చుట్టూ చుట్టేవారు. ఈనాటి మైక్రోవేవ్ ఓవెన్ లోపల గోడకు బిగించి ఉండే బూడిదరంగు పలుచని అట్ట కూడా అభ్రకంతో చేసినదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో రేడియో పరికరాల కెపాసిటర్ల కోసం దీనికి విపరీతమైన గిరాకీ ఉండేది, రేకు అభ్రకంలో ప్రపంచానికి ప్రధాన సరఫరాదారు భారతదేశమే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, పలక ఆవేశం సున్నాకూ ఒకటికీ మధ్య ఉంటే ఆ ఖనిజం గుణాలు కూడా టాల్క్‌కూ అభ్రకానికీ నడుమ ఎక్కడో ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. అలా జరగదు. ఆ మధ్యలో ఉన్నది నల్లరేగడి.

దక్కను పీఠభూమి బసాల్టు రాళ్లు శిథిలమై ఏర్పడిన నల్లనేలల్లో మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంకమట్టి అధికంగా ఉంటుంది. దాని పలకల నిర్మాణం టాల్క్, అభ్రకాల పలకల వంటిదే, కానీ అక్కడక్కడ మాత్రమే ఒక లోహం స్థానంలో తక్కువ ఆవేశమున్న మరొకటి కూర్చోవడం వల్ల పలక మీది రుణావేశం అభ్రకంలో ఉన్నదానిలో మూడో వంతు ప్రాంతంలో ఉంటుంది. దాన్ని సరిచేయడానికి పలకల మధ్య సోడియం, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు పల్చగా చెదిరి ఉంటాయి. ఈ అయాన్లకు నీటి అణువులంటే గట్టి ఆకర్షణ. వాన పడగానే నీరు పలకల మధ్యకు చొరబడి అయాన్ల చుట్టూ చేరుతుంది, పలకలను పైకి లేపుతుంది. ఎండినప్పుడు ఒక పలక అడుగు నుంచి పై పలక అడుగుకు ఉన్న దూరం సుమారు ఒక నానోమీటరు. ఒక వరుస నీటి అణువులు చేరితే సుమారు 1.25, రెండు వరుసలు చేరితే సుమారు 1.5 నానోమీటర్లు. పరమాణు స్థాయిలో కొలిచే ఈ పెరుగుదల కోటానుకోట్ల పలకల్లో ఒకేసారి జరిగితే పొలం ఉబ్బుతుంది, మళ్లీ ఎండాకాలంలో నీరు వెళ్లిపోగా పలకలు దగ్గరికి వచ్చి నేల కాలు దిగబడేటంత నెర్రెలు విచ్చుకుంటుంది.

టాల్క్ ఎందుకు ఉబ్బదు? దాని పలకల మధ్య అయాన్లే లేవు, నీటిని పిలిచేది ఏదీ లేదు. అభ్రకం ఎందుకు ఉబ్బదు? అందులో అయాన్లు నిండుగా ఉన్నాయి, కానీ ఆవేశం ఎక్కువైనందువల్ల పలకలు బిగిసిపోయాయి, పొటాషియం తన గుంటలో చక్కగా కుదిరింది, పైగా నీటి మీద దానికి సోడియం, కాల్షియంలకు ఉన్నంత ఆకర్షణ లేదు. ఆవేశం పూర్తిగా లేకపోయినా, మరీ ఎక్కువైనా నీరు లోపలికి రాదు. మధ్యస్థంగా ఉన్నప్పుడే వస్తుంది. బంధం బలాన్ని ఒక సరళరేఖ మీద పెట్టి, గుణాన్ని మరొక సరళరేఖ మీద పెట్టి రెండూ కలిసి పెరుగుతాయని చెప్పే పాఠం ఇక్కడ పనికిరాదు. సిలికేట్ల గురించి చెప్పేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగాలనుకునే చోటు ఇది.

పత్తి రైతుకు మేలు చేసేదీ ఇదే గుణం. మాంట్‌మోరిల్లొనైట్ పలకలు విడివడినప్పుడు వాటి లోపలి తలాలన్నీ నీటికి అందుబాటులోకి వస్తాయి, ఒక్క గ్రాము మట్టిలోని తలాల వైశాల్యం 700 చదరపు మీటర్లను మించుతుంది. ఆ తేమను పట్టుకొనే నేల వానలు ఆగిన తర్వాత కూడా పైరును నిలబెడుతుంది. ఇల్లు కట్టుకొనేవారికి మాత్రం అదే గుణం శత్రువు. లోతు తక్కువ పునాది వేస్తే ఏటేటా నేల లేవడం, కుంగడం వల్ల గోడలు వాలుగా పగుళ్లిస్తాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇలాంటి నేలల కోసమే అండర్ రీమ్డ్ పైల్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది: కాలాన్ని బట్టి తేమ మారే లోతును దాటి పైల్‌ను దించి, అడుగున ఉబ్బెత్తుగా బల్బు ఆకారంలో కాంక్రీటు పోసి, పై మట్టి ఉబ్బినా పునాది పైకి లేవకుండా బిగిస్తారు. ఇది మట్టిని మార్చకుండా మట్టికి లొంగకుండా ఉండే మార్గం. మట్టినే మార్చే మార్గం సున్నం కలపడం. సున్నంలోని కాల్షియం వచ్చి పలకల మధ్య ఉన్న సోడియంను తోసివేస్తుంది. రెండు ఆవేశాలున్న కాల్షియం పలకలను మరింత దగ్గరగా పట్టుకొంటుంది కాబట్టి ఉబ్బు తగ్గుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా సున్నం బంకమట్టిలోని సిలికాతోనూ అల్యూమినాతోనూ చర్య జరిపి సిమెంటులో ఉండేలాంటి బంధకాలను ఏర్పరుస్తుంది. నల్లనేలల మీద రోడ్లు వేసేటప్పుడు సున్నం కలపడం వెనుక ఉన్న రసాయనం ఇదే.

పొటాషియం అంతగా ఇముడుతుందన్న సంగతి ఎరువుల విషయంలోనూ తిరిగి ఎదురవుతుంది. కొన్ని రకాల బంకమట్టి నేలల్లో వేసిన పొటాష్ ఎరువులో కొంతభాగం పలకల మధ్యకు చేరి, గుంటల్లో చిక్కుకొని, వేళ్లకు వెంటనే అందకుండా పోతుంది. దీన్నే పొటాషియం స్థిరీకరణ అంటారు. అమ్మోనియం అయాన్ పరిమాణం దాదాపు పొటాషియం అంతే కాబట్టి దానికీ ఇదే జరుగుతుంది. వాటికన్నా చిన్నదైన సోడియం అయాన్ నీటి అణువులను వదులుకోలేక గుంటలో దిగదు. నెల్లూరు ప్రాంతంలోనే దొరికే వర్మిక్యులైట్‌ను చూస్తే దీని మరో వైపు తెలుస్తుంది. అభ్రకం శిథిలమై, పలకల మధ్యనున్న పొటాషియం పోయి, దాని స్థానంలో నీటితో కూడిన మెగ్నీషియం చేరితే వర్మిక్యులైట్ అవుతుంది. దాన్ని ఒక్కసారిగా వేడిచేస్తే లోపలి నీరు ఆవిరై పలకలను విడగొట్టుకొంటూ బయటికి వస్తుంది, గింజ తన మందానికి ఎన్నో రెట్లు పొడవుగా సాగుతుంది. మిద్దెతోటల కుండీల మట్టిలో కలిపే తేలికైన, బంగారు రంగు ముక్కలు అవే.

కుమ్మరి వాడే మట్టిలోనూ చైనా మట్టిలోనూ ఉండే కయోలినైట్ ఈ వరుసలో కొంచెం పక్కగా నిలబడుతుంది. దాని పలకలో రెండు సిలికా పొరలు ఉండవు, ఒక సిలికా పొర, ఒక అల్యూమినియం పొర మాత్రమే ఉంటాయి. ఒక పలక పైనున్న హైడ్రాక్సిల్ సమూహాలు పై పలక అడుగునున్న ఆక్సిజన్లతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచుకుంటాయి. విడివిడిగా చూస్తే ఆ బంధాలు బలహీనమైనవే, కానీ తలమంతటా ఉండటంతో నీరు పలకల నడుమకు మామూలుగా పోలేదు. రేణువుల మధ్యనే ఉండి ఒకదాని మీద ఒకటి జారేందుకు వీలిస్తుంది. సారె మీద మట్టి చేతి ఒత్తిడికి రూపం మార్చుకొని, చేయి తీసినా ఆ రూపంలోనే నిలవడానికి ఇదే కారణం. నల్లరేగడి ఒక్కదానితోనే కుండ చేయబోతే ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకొని పగులుతుంది.

ఆరిన కుండను ఆవంలో పెట్టకముందు నీళ్లలో వేస్తే మళ్లీ మట్టి అవుతుంది. ఆవంలో వేడి 500–600 డిగ్రీలకు చేరినప్పుడు కయోలినైట్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి ఆవిరిగా వెళ్లిపోతాయి, హైడ్రోజన్ బంధాలకు ఆధారం పోతుంది, పలకల క్రమం చెదిరిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అది తిరిగి సారె మీదికి రాదు, ఎందుకంటే నీటికి అప్పటివరకు తెలిసిన తలాలు ఇప్పుడు లేవు. పింగాణీ బట్టీల్లో లాగా వేడి 1,000 డిగ్రీలు దాటి ఇంకా పెరిగితే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్లు కొత్తగా కూడుకొని ముల్లైట్ అనే సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరుగుతాయి. కరిగిన గాజు వాటి సందుల్లో నిండి చల్లారుతుంది. పొరల ఖనిజంగా బట్టీలోకి వెళ్లిన పదార్థం ఇలా మూడు దిక్కులా అల్లుకున్న బంధాలతో బయటికి వస్తుంది. ఉక్కు చాకుతో గీసినా పింగాణీ మీద గీత పడకపోవడానికీ, చాకును దాని అడుగంచు మీద రాసి పదును పెట్టుకోగలగడానికీ కారణం ఆ కొత్త అల్లికే.